శుక్రవారం తప్పిన కారును ఆదివారం ధైర్యం దారికి తేదు

శ్రీపెరుంబుదూరు దాటగానే ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న రేస్ ట్రాక్ తిరుపతి, చిత్తూరు వాళ్లకు హైదరాబాద్ కంటే, బెంగళూరు కంటే దగ్గర. తిరుపతి నుంచైతే పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు దారి. చిత్తూరు నుంచైతే రాణిపేట మీదుగా చెన్నై హైవే. 1990లో మొదలైన ఆ ట్రాక్ పొడవు 3.717 కిలోమీటర్లు. సొంతూరి పేరు చెప్పుకుని అక్కడ రేసుకు దిగే పిల్లవాడి వెంట నాన్న, మామ, ఇద్దరు ముగ్గురు స్నేహితులు, ఊరి మెకానిక్కు కూడా వెళ్తారు. వారాంతం బాగుంటే అందరూ సంతోషంగా తిరిగొస్తారు. బాగోలేకపోతే మాత్రం పిల్లవాడికి తప్పకుండా వినబడే మాట ఒకటుంది: "బయపడినావు రా, ఇంకొంచెం తొక్కింటే పోయుంటావు కదా."

రేసింగ్‌లో ఇంతకంటే హాని చేసే సలహా లేదని నేను గట్టిగా నమ్ముతాను. వెనకబడిన కారును మరింత తొక్కితే టైరు మరింత వేడెక్కుతుంది, బ్రేకు మరింత కాలుతుంది, సెకను దొరక్కపోగా ఉన్న అర సెకను కూడా పోతుంది. కష్టమైన వారాంతంలో డ్రైవర్ ముందుగా వెతకాల్సింది కారణాన్ని. కారణం దొరికాకే వేగం వస్తుంది. శుక్రవారం ప్రాక్టీస్, శనివారం క్వాలిఫయింగ్ (రేసులో ఎవరు ఏ స్థానం నుంచి మొదలవుతారో తేల్చే సెషన్), ఆదివారం రేసు కాబట్టి దాన్ని వెతకడానికి ఉన్న రోజు శుక్రవారం. ఆ రోజు సాయంత్రం కంగారులో చేసిన పనులే ఆదివారం ఫలితాన్ని చాలావరకు రాసేస్తాయి.

లెక్క చూడండి. ప్రాక్టీస్ సెషన్ 20 నిమిషాలు, ల్యాపుకు (ట్రాక్ ఒక చుట్టుకు) సుమారు రెండు నిమిషాలు అనుకుంటే మొత్తం పది ల్యాపులు. బయటికెళ్లేది ఒకటి, పిట్‌లోకి (కారును సరిచేసే చోటికి) తిరిగొచ్చేది ఒకటి, టైర్లు వేడెక్కడానికి రెండు తీసేస్తే ఆరు మిగులుతాయి. వాటిలో ఎవరో ఒకరు అడ్డం రావడమో, పసుపు జెండా ఊపడమో జరిగితే నాలుగు. కారు గురించి ఏదైనా తెలుసుకోవాలంటే చేతిలో ఉన్నవి ఆ నాలుగు ల్యాపులే. అలాంటప్పుడు సెషన్ల మధ్య ముందు యాంటీ రోల్ బార్ (మలుపులో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) ఒక రంధ్రం మెత్తబరిచి, టైర్లలో 2 పీఎస్ఐ తగ్గించి, వెనక డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) రెండు క్లిక్కులు బిగించి పంపితే ఏమవుతుంది? మూడు పదోవంతుల సెకను మెరుగైందనుకుందాం. అందులో ఒక మార్పు ఆరు పదోవంతులు తెచ్చిపెట్టి, ఇంకొకటి మూడు మింగేసి ఉండొచ్చు. ఏది మంచిదో, ఏది చెడ్డదో ఇక ఎప్పటికీ తెలియదు. శనివారం మళ్లీ చెడితే వెనక్కి వెళ్లడానికి తెలిసిన చోటంటూ ఉండదు. అందుకే ఒక సెషన్‌కు ఒకే మార్పు. దాన్ని కాగితం మీద రాసి, సమయం, ఎండ, టైరు వయసు పక్కన వేసుకోవాలి. అనుమానం వస్తే పాత సెట్టింగుకు తిరిగి వెళ్లి మళ్లీ చూడాలి. వెనక్కి వెళ్లడం ఓటమి అనుకునే జట్లే ఎక్కువ నష్టపోతాయి.

డ్రైవర్ పిట్‌లోకి వచ్చి "కారు తిరగడం లేదు" అంటే అది ఫిర్యాదే తప్ప సమాచారం కాదు. ఎక్కడ తిరగడం లేదు? బ్రేకు మీద కాలు ఉండగానా, బ్రేకు వదిలి యాక్సిలరేటర్ తొక్కే ముందు నడిమిలోనా, యాక్సిలరేటర్ తొక్కాకా? అన్ని మలుపుల్లోనా, నెమ్మది మలుపుల్లోనేనా? ఎడమ మలుపుల్లో ఉండి కుడి మలుపుల్లో లేదా? మొదటి ల్యాపు నుంచీ ఉందా, ఐదో ల్యాపు నుంచి మొదలైందా? ఈ ప్రశ్నలు అడిగే మనిషి పక్కన ఉంటే సగం పని అయినట్టే.

ఒక్కో జవాబు ఒక్కో చోటికి దారి తీస్తుంది. ల్యాపు ల్యాపుకూ ముదిరే అండర్‌స్టీర్ (స్టీరింగు తిప్పినా కారు చాలినంత తిరగకుండా బయటికి పోవడం) అయితే ముందు టైర్ల గాలి, వేడి చూడాలి. ఒక వైపు మలుపుల్లోనే ఉంటే అది సెట్టింగుల సంగతి కాకపోవచ్చు. మలుపు అంచున ఉండే కెర్బు (గట్టు) ఎక్కినప్పుడు ఏదో సస్పెన్షన్ ఆర్మ్ వంగి ఉంటుంది, లేదా నాలుగు చక్రాల మీద బరువు సరిగ్గా పంచి ఉండదు, లేదా ఒక డ్యాంపర్ నూనె కారి చచ్చి ఉంటుంది. రెక్కలున్న కారు వేగమైన మలుపుల్లో మాత్రమే మూతి బయటికి తోస్తుంటే ముందు రెక్క కోణం, రైడ్ హైట్ (నేల నుంచి కారు అడుగు ఎత్తు) వైపు వెళ్లాలి. మలుపులోకి దిగేటప్పుడే జారుతుంటే డ్రైవర్‌నే ముందు అనుమానించాలి. బ్రేకు పెడల్ మీది నుంచి కాలు ఒక్కసారిగా ఎత్తేస్తే ముందు చక్రాల మీద ఉన్న బరువు వెనక్కి పోతుంది, సరిగ్గా స్టీరింగు తిప్పే క్షణంలో ముందు టైర్లకు పట్టు పోతుంది. తేల్చుకునే దారి సులువు. రెండు ల్యాపులు ఆ మలుపులోకి గంటకు 5 కిలోమీటర్లు తగ్గించి వెళ్లి, బ్రేకును మెల్లగా వదలాలి. అండర్‌స్టీర్ మాయమైతే కారుకు స్పానర్ తగిలించక్కర్లేదు. ఎంత సేపు చూసినా మాయం కాకపోతే అప్పుడు కారు మీద పడాలి. తెలిసిన చోట నెమ్మదిగా వెళ్లి చూడటానికి కావాల్సిన నిబ్బరాన్నే నేను ధైర్యం అంటాను.

గాలి సంగతి కాస్త ఎక్కువగానే చెప్పాలి. చెడిన వారాంతాల్లో అందరూ చివరికి చూసేది, మొదట చూడాల్సిందీ అదే.

టైరులో గాలి ఒత్తిడి వేడితో పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 24 పీఎస్ఐ పెట్టిన టైరు లోపలి గాలి 70 డిగ్రీలకు చేరితే సుమారు 29 అవుతుంది. అంటే ప్రతి 10 డిగ్రీలకూ దాదాపు 1.3 పీఎస్ఐ. కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు చేరి ఆ తడి గాలే టైరులోకి పోతే ఇంకా ఎక్కువ పెరుగుతుంది, అదీ ఒక్కో టైరులో ఒక్కోలా. కాబట్టి గాలి కొట్టే ముందు కంప్రెసర్ కింద ఉన్న కాక్ తిప్పి నీళ్లు వదలాలి. నైట్రోజన్ వాడటంలో పెద్ద లాభం అది పొడిగా ఉండటమే.

ఇప్పుడు అసలు తప్పు ఎలా జరుగుతుందో చూడండి. పొద్దున ఎనిమిదింటికి 28 డిగ్రీల చల్లదనంలో 24 పెట్టారు. మధ్యాహ్నం రెండింటికి కారు ఎండలో నిలబడి టైరు 45 డిగ్రీలకు కాగింది. గేజి పెడితే 26 దాటి చూపిస్తుంది. ఎవరో "పెరిగిపోయింది" అని 24కు తగ్గిస్తారు. ట్రాక్ మీద టైరు లోపల 70 డిగ్రీలకు చేరినప్పుడు ముట్టుకోని టైరులో 29 దాటి ఉండేది. తగ్గించిన టైరులో 27 దగ్గరే ఆగిపోతుంది. రెండు పీఎస్ఐకి పైగా తేడా. కారు మెత్తగా, బద్ధకంగా తిరుగుతుంది, టైరు అంచులు కాలతాయి, డ్రైవర్ వచ్చి "పొద్దున బాగుండింది, ఇప్పుడు పాడైంది" అంటాడు. ఆ మాట నిజమే, కారును పాడు చేసింది మాత్రం గేజి పట్టుకున్న చెయ్యి. ఎండ ఒక వైపే పడి ఎడమ టైర్లు మాత్రమే కాగినప్పుడు ఇంకా ఘోరం, కారు ఒక పక్కకు ఒకలా, ఇంకో పక్కకు ఇంకోలా తిరుగుతుంది. గాలి చూసేటప్పుడు నాలుగూ నీడలోనే, ఒకే చల్లదనంలో ఉండాలి. గుడ్డ కప్పినా మేలే. అంతకంటే ముఖ్యం, ట్రాక్ నుంచి లోపలికి రాగానే వేడి మీద కొలిచి రాసుకోవడం. టైరు కంపెనీ మనిషి చెప్పే అంకె కూడా వేడి మీదిదే అయి ఉంటుంది, అడిగి తెలుసుకోవాలి.

గేజి ఒకటే ఉండాలి, వారాంతమంతా అదే వాడాలి. పక్క పిట్‌లో అడిగి తెచ్చిన గేజి రెండు పీఎస్ఐ తేడా చూపించినా ఆశ్చర్యం లేదు. మన గేజి తప్పు చూపించినా ఎప్పుడూ ఒకే తప్పు చూపిస్తుంది, దానితో నెగ్గుకురావచ్చు.

వేడి కొలవడానికి సూది ఉన్న పైరోమీటర్ కావాలి. పైన తళుక్కున చూపే ఇన్‌ఫ్రారెడ్ తుపాకీ టైరు పైచర్మం వేడినే చెబుతుంది, పిట్ దారిలో వచ్చేలోపే ఆ చర్మం చల్లబడుతుంది. సూదిని రబ్బరులోకి దించి లోపలి అంచు, నడుమ, బయటి అంచు, మూడు చోట్లా చూడాలి. నడుమ రెండంచుల కంటే వేడిగా ఉంటే గాలి ఎక్కువ. అంచులు వేడిగా, నడుమ చల్లగా ఉంటే గాలి తక్కువ. లోపలి అంచు బయటి దానికంటే 5 నుంచి 10 డిగ్రీలు వేడిగా ఉండటం మామూలే. అంతకు మించితే క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వంగిన వాలు) ఎక్కువైందని అర్థం, బయటి అంచే వేడెక్కుతుంటే క్యాంబర్ చాలలేదని. నాలుగు టైర్లు, పన్నెండు అంకెలు, ఒక నిమిషం పని.

తిరుపతి జిల్లాలో చినపాండూరు దగ్గర అపోలో టైర్ల ఫ్యాక్టరీ ఉంది, శ్రీసిటీలో ఇసుజు వాహనాలు తయారవుతాయి, కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు. అలాంటి చోట క్వాలిటీ విభాగంలో పనిచేసే వాళ్లు మన వీధుల్లోనే ఉంటారు. కొలవకుండా మాట్లాడకూడదన్నది వాళ్లకు రోజూ చేసే పనే నేర్పుతుంది. రేసుకు వెళ్లే బండిలో ఒక సీటు మిగిలితే ఇంకో స్నేహితుడికి బదులు అలాంటి మనిషిని తీసుకెళ్లండి. రేసింగ్ తెలియకపోయినా పరవాలేదు, పన్నెండు అంకెలు తప్పు లేకుండా రాస్తే చాలు.

బ్రేకుల దగ్గర డ్రైవర్ మాట చాలా జాగ్రత్తగా వినాలి. "బ్రేకు పట్టడం లేదు" అన్న ఒక్క మాటలో రెండు వేర్వేరు జబ్బులుంటాయి. పెడల్ మెత్తగా, లోతుగా పోతుంటే ఆయిల్ మరిగి ఆవిరి పట్టింది, లేదా లైన్‌లో గాలి ఉంది. పెడల్ రాయిలా గట్టిగా ఉండి కారు ఆగకపోతే ప్యాడ్లు కాలిపోయాయి. మొదటిదానికి ప్యాడ్లు మార్చినా, రెండోదానికి ఎయిర్ తీసినా డబ్బూ సమయమూ వృథా. తిరుమల ఘాట్‌లో కిందికి దిగేటప్పుడు గేరు తగ్గించకుండా బ్రేకు మీదే వచ్చిన బండి దగ్గర వచ్చే కాలిన వాసన మనందరికీ తెలుసు, ఆ రెండో జబ్బు అదే. మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఘాట్‌లో పైకి 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాలు అని దేవస్థానం పెట్టిన హద్దును దాటి వేగంగా వెళ్లడాన్ని రేసింగ్ సాధన అనుకునే కుర్రాళ్లున్నారు. అది సాధన కాదు, భక్తుల ప్రాణాలతో చెలగాటం. రేసుకు పనికొచ్చే ఒక్క పాఠమూ అక్కడ దొరకదు.

డాట్ 4 బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు దిగిపోవచ్చు. చెన్నై ఉక్కపోతలో మూత తెరిచిన డబ్బా ఎంతో కాలం కొత్తగా ఉండదు. చిన్న డబ్బాలు కొనాలి, మిగిలింది రేసు కారులో మళ్లీ పోయకూడదు. శుక్రవారం రాత్రి ఒకసారి, వీలైతే శనివారం క్వాలిఫయింగ్ అయ్యాక ఇంకోసారి ఎయిర్ తీయాలి. కొత్త ప్యాడ్లు వేస్తే ముందు వాటిని డిస్కుకు అలవాటు చేయాలి. మెల్లగా మొదలుపెట్టి గట్టిగా పెంచుతూ కొన్నిసార్లు బ్రేకు వేసి, తర్వాత పూర్తిగా చల్లారనివ్వాలి. ఆదివారం పొద్దున వేసిన ప్యాడ్లతో నేరుగా గ్రిడ్ (రేసు మొదలయ్యే వరస) మీదికి పంపడం డ్రైవర్‌కు చేసే అన్యాయం.

మూడో రకం కూడా ఉంది, దీన్ని చాలామంది పట్టుకోలేరు. మొదటిసారి తొక్కితే పెడల్ లోతుకు పోతుంది, రెండోసారి తొక్కగానే మామూలుగా ఉంటుంది. కెర్బుల మీద ఎగిరినప్పుడు అరిగిన హబ్ బేరింగు (చక్రం తిరిగే చోటి బేరింగు) వల్ల డిస్కు ఊగి ప్యాడ్లను వెనక్కి తోసేస్తుంది. దీనికి ఎయిర్ ఎన్నిసార్లు తీసినా ఫలితం ఉండదు. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి, ఆడితే బేరింగు. ఎడమా కుడీ పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే ఆడితే టై రాడ్ ఎండ్ (స్టీరింగును చక్రానికి కలిపే కీలు) చూడాలి. బేరింగు మార్చేదాకా సర్దుకోవాలంటే బ్రేకు వేసే చోటుకు ముందే ఎడమ కాలితో పెడల్‌ను ఒకసారి తేలిగ్గా తాకి చూసుకోవాలి, కానీ అది ప్రాక్టీస్ పూర్తి చేయడానికే. ఆ బేరింగుతో రేసుకు దిగకూడదు.

ఇంజిన్ గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే వెనకబడిన ప్రతివాడూ ముందు దాన్నే తిడతాడు. ఒకే వైపు పొడవాటి మలుపుల్లో, అదీ సెషన్ చివర్లో మిస్ కొడుతుంటే ఇగ్నిషన్ జోలికి పోకముందు ట్యాంకులో ఎంత పెట్రోలుందో చూడండి. మలుపులో పెట్రోలు ఒక పక్కకు పోయి పంపుకు గాలి అందుతుంది.

డ్రైవర్ ఒళ్లు కూడా కారులో భాగమే. మంట అంటని సూటు, లోపల ఇంకో పొర, హెల్మెట్, పక్కన ఇంజిన్ సెగ. సెషన్‌కు ముందూ తర్వాతా బరువు చూసుకోవాలి. ఒక కిలో తగ్గితే లీటరు నీళ్లు పోయినట్టు. ఒంటి బరువులో 2 శాతం పోయాక చూపూ నిర్ణయమూ మందగిస్తాయి, 60 కిలోల పిల్లవాడికి అది 1.2 కిలోలే. శనివారం మధ్యాహ్నం బ్రేకు వేసే చోటు మీటరు మీటరుగా తప్పుతుంటే కారులో లోపం వెతికే ముందు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి ఇవ్వండి. కూల్‌డ్రింకులు దానికి సాటి రావు. టిఫిను ఇడ్లీలాంటి తేలికైనదే, రేసుకు రెండు మూడు గంటల ముందు.

శుక్రవారం నష్టపోయిన వాడు క్వాలిఫయింగ్‌లో పిట్ దారి తెరవగానే ముందు బయటికి వెళ్లాలి. ట్రాక్ ఖాళీగా ఉన్నప్పుడు ఒక నమ్మకమైన ల్యాపు వేసి చేతిలో ఉంచుకోవాలి. చివరి నిమిషాల కోసం దాచుకుంటే ఎర్ర జెండా వచ్చి సెషన్ అక్కడే ముగియవచ్చు. రెండో రేసు గ్రిడ్ మొదటి రేసు ఫలితం నుంచి వస్తుందా, క్వాలిఫయింగ్‌లో రెండో మంచి ల్యాపు నుంచి వస్తుందా అన్నది ఆ పోటీ నియమాల కాగితంలో ఉంటుంది. శుక్రవారమే చదవాలి.

చెడిన వారాంతంలో ఏం ఆశించాలో చూపడానికి చెన్నై డ్రైవర్ కరుణ్ చందోక్ 2010 బహ్రెయిన్ గ్రాండ్ ప్రీ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఫార్ములా 1లో ఆయనకది మొదటి రేసు, హెచ్ఆర్‌టీ జట్టుకూ మొదటిదే. ప్రాక్టీస్‌లో ఆయన కారు ట్రాక్ మీదికే రాలేదు. ఆ కారును ఆయన మొదటిసారి నడిపింది క్వాలిఫయింగ్‌లో. రేసు మొదలైన కాసేపటికే ప్రమాదంతో ముగిసింది. రెండు వారాల తర్వాత మెల్‌బోర్న్‌లో విజేతకు ఐదు ల్యాపులు వెనక, 14వ స్థానంలో గమ్యం చేరాడు. ఆ జట్టు రేసు పూర్తి చేయడం అదే మొదటిసారి. ఐదు ల్యాపులు వెనక అంటే ఊళ్లో నవ్వుతారు. పూర్తయిన ఆ రేసులో ఆయనకు దొరికిన ప్రతి ల్యాపూ బహ్రెయిన్‌లో దొరకని సమాచారమే.

అసలు దిగకపోవడం కూడా ఒక నిర్ణయమే. 2005లో ఇండియానాపోలిస్‌లో మిషెలిన్ టైర్లు బ్యాంకింగ్ (ఒక పక్కకు వాలు) ఉన్న చివరి మలుపును తట్టుకోలేవని తేలాక ఫార్మేషన్ ల్యాపు (రేసుకు ముందు వేసే చుట్టు) తర్వాత 14 కార్లు పిట్‌లోకి వచ్చేశాయి. బ్రిడ్జ్‌స్టోన్ వేసుకున్న ఆరు కార్లే పరుగెత్తాయి, నారాయణ్ కార్తికేయన్ నాలుగో స్థానంలో నిలిచి 5 పాయింట్లు తెచ్చుకున్నాడు. 2023 ఫిబ్రవరిలో హుసేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కరెంటు కార్ల రేసు జరిగిన రెండు వారాలకే కేప్‌టౌన్‌లో మహీంద్రా జట్టు వెనక సస్పెన్షన్ మీద అనుమానంతో రేసుకు ముందే తప్పుకుంది, వాళ్ల పవర్‌ట్రెయిన్ (కారును నడిపే మోటారు, దాని భాగాలు) వాడే ఇంకో జట్టు కూడా. అంత డబ్బు, అంత పేరు ఉన్నవాళ్లే ఆగారు. మన పిల్లవాడి కారులో పెడల్ లోతు మారుతున్నా, స్టీరింగులో ఆట ఉన్నా, చక్రం దగ్గర గరగర వినబడుతున్నా, లోపల పెట్రోలు వాసన వస్తున్నా దించకూడదు. గోడకు తగిలాక తలనొప్పి, వికారం, మాట తడబాటు ఉంటే అతను ఎంత బతిమాలినా ఆ రోజుకు ఆపేయాలి. ఎంట్రీ ఫీజు పోయిందని నాన్న బాధపడినా సరే.

దిగితే మాత్రం వెనక నుంచి మొదలైన రేసులో మొదటి ల్యాపులో స్థానాల కోసం ఎగబడకండి. ముందున్నవాళ్లు మొదటి రెండు మలుపుల్లో ఒకరినొకరు తగులుకుంటే దారి దానంతటదే తెరుచుకుంటుంది. నల్లజెండాలో నారింజ వృత్తం మీ నంబరుతో కనిపిస్తే కారులో ఏదో వేలాడుతోందనో, కారుతోందనో అర్థం, పిట్‌లోకి రావాల్సిందే.

రేసు ముగిశాక కారు బరువు చూస్తారు. పది లీటర్ల పెట్రోలు కాలితే ఏడున్నర కిలోలు పోయినట్టు, చెమట ఇంకో కిలో. డ్రైవర్‌తో కలిపి కనీస బరువు లెక్కించే క్లాసులో ఈ రెండూ కలుపుకుని, పైన మూడు నాలుగు కిలోల వెసులుబాటు ఉంచకపోతే కష్టపడి తెచ్చుకున్న స్థానం తూకం దగ్గర పోతుంది. తాత్కాలిక ఫలితం గోడ మీద అంటించిన సమయం కూడా రాసుకోండి, దాని మీద అభ్యంతరం చెప్పడానికి మామూలుగా దొరికేది 30 నిమిషాలే.

ఆ తర్వాత తిరుత్తణి రోడ్డులో రాత్రి బండి నడపాల్సింది డ్రైవర్ కాదు, ఇంకెవరైనా. సోమవారం చేయాల్సినవి: బ్రేక్ ఆయిల్ మొత్తం తీసేయడం, నాలుగు హబ్బులూ ఊపి చూడటం, అలైన్‌మెంట్ కొలిచి శుక్రవారం అంకెలతో పోల్చడం. తర్వాతి రౌండుకు డబ్బు మిగిలితే ముందు మంచి గేజి, పైరోమీటర్, రెండు హబ్ బేరింగులు, ఒక టై రాడ్ ఎండ్ కొనండి. తర్వాత ఒక రోజు ట్రాక్ అద్దె. ఇంజిన్ ట్యూనింగు మాట అవన్నీ అయ్యాకే.